పల్చటి ఫోను ఎవరికి కావాలి?

ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీసే చేతిపనిని చూస్తే పల్చదనానికి విలువ ఎక్కడుందో తెలుస్తుంది. నానబెట్టి రుబ్బిన జయ బియ్యం పిండిని నీళ్లలా జారుగా కలుపుతారు. అందులో గుడ్డ ముంచి, కింద ఎండు కొబ్బరాకుల మంట తగులుతున్న కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. కుండకి అంటుకున్న తడిపొర క్షణాల్లో ఆరి రేకై లేస్తుంది. ఆ రేకు మందంగా వస్తే ఇక దాన్ని పూతరేకు అనలేం. నాలుక మీద పెట్టగానే కరగాలంటే ఆ పల్చదనం ఉండి తీరాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు దక్కింది ఆ నైపుణ్యానికే. అయితే ఆ పల్చదనానికి చెల్లించాల్సింది కూడా ఉంది. ఒంటి రేకుని కాస్త గట్టిగా పట్టుకుంటే పొడైపోతుంది. మడవాలంటే తడిగుడ్డతో మెత్తబరచాలి. పొర మీద పొర వేసి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి చుడితే తప్ప డబ్బాలో ప్రయాణం చేయదు. ఇదంతా తెలిసే కొంటాం, ఎందుకంటే అక్కడ పల్చదనమే రుచి. ఇప్పుడు ఫోన్ల కంపెనీలు ఇదే గుణాన్ని చూపించి మనల్ని పిలుస్తున్నాయి. ఫోనులో పల్చదనం ఏ రుచినిస్తుంది, దానికోసం మనం ఏం వదులుకోవాలి, కోనసీమలాంటి చోట ఆ బేరం గిడుతుందా అన్నది లెక్కవేసి చూడదగ్గ విషయం.

2025 మే నెలలో శామ్‌సంగ్ కంపెనీ గెలాక్సీ ఎస్25 ఎడ్జ్‌ని 5.8 మిల్లీమీటర్ల మందంతో తెచ్చింది. సెప్టెంబరులో ఆపిల్ తన ఐఫోన్ ఎయిర్‌ని దాదాపు 5.6 మిల్లీమీటర్లకి దించింది. మన దేశంలో మొదటిదాని ప్రారంభ ధర 1,09,999 రూపాయలు, రెండోదానిది 1,19,900 రూపాయలు. ఈ రెండిట్లో ఎడ్జ్ మన లెక్కకి ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే పోల్చి చూడటానికి దాని తోబుట్టువు పక్కనే ఉంది. ఎస్25 ప్లస్ కూడా 6.7 అంగుళాల తెర ఉన్న ఫోనే, ప్రాసెసరూ ఆ తరానిదే. దాని మందం 7.3 మిల్లీమీటర్లు, బరువు 190 గ్రాములు, బ్యాటరీ 4,900 ఎంఏహెచ్, దూరపు వస్తువుల్ని దగ్గరగా తీసే టెలిఫొటో కెమెరా ఉంది, ప్రారంభ ధర 99,999 రూపాయలు. ఎడ్జ్‌లో మందం ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గింది, బరువు 27 గ్రాములు తగ్గింది. దానితో పాటే బ్యాటరీ వెయ్యి ఎంఏహెచ్ తగ్గింది, టెలిఫొటో పోయింది, ధర పదివేలు పెరిగింది. పల్చదనానికి జనం ఎంత ఇస్తారో తెలుసుకోవడానికి ఇంతకన్నా శుభ్రమైన ప్రయోగం ప్రయోగశాలలో కూడా కుదరదు. ఫలితం ఏమిటంటే, ఆ కంపెనీ తర్వాతి ఎస్26 వరుసలో ఎడ్జ్‌కి చోటు దక్కలేదు. ఐఫోన్ ఎయిర్ ఉత్పత్తిని బాగా తగ్గించారని 2025 అక్టోబరు నుంచే వాణిజ్య పత్రికల్లో వార్తలు వచ్చాయి.

ఇది లక్ష రూపాయల ఫోన్ల సంగతి, మనకెందుకు అనుకోవచ్చు. కానీ ఇదే పరీక్ష పదేళ్ల కిందట మధ్యతరగతి ధరల్లో మన దేశంలోనే జరిగింది. 2014లో జియోనీ కంపెనీ ఈలైఫ్ ఎస్5.5, ఆ తర్వాత ఎస్5.1 అని పేరులోనే మందాన్ని పెట్టి ఇక్కడ అమ్మింది. వివో ఎక్స్5 మ్యాక్స్ 4.75 మిల్లీమీటర్లకి, ఒప్పో ఆర్5 4.85కి దిగాయి. 2015లో మన మైక్రోమ్యాక్స్ కాన్వాస్ స్లివర్ 5 అని 5.1 మిల్లీమీటర్ల ఫోనుని 17,999 రూపాయలకి తెచ్చింది. బరువు వంద గ్రాముల లోపు, బ్యాటరీ 2,000 ఎంఏహెచ్. ఆ ఏడాదే జియోనీ రెండో పందెం కూడా కాసింది. మారథాన్ ఎం5 అని 6,020 ఎంఏహెచ్ బ్యాటరీతో, ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల మందంతో బరువైన ఫోనుని దాదాపు అదే ధరకి అమ్మకానికి పెట్టింది. మార్కెట్టు ఏ దారిన పోయిందో 2017 చెప్పింది. ఆ ఏడాది దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా పోయిన ఫోను షావోమీ రెడ్‌మీ నోట్ 4. దాని మందం దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, బ్యాటరీ 4,100 ఎంఏహెచ్. అయిదు మిల్లీమీటర్ల ఫోన్ల వరుస చప్పుడు లేకుండా ఆగిపోయింది. రెడ్‌మీ గెలుపుకి ధరే కారణం, మందంతో సంబంధం లేదని ఎవరైనా అనవచ్చు, అందులో నిజముంది. అమ్మకాల అంకెలో ఎప్పుడూ నాలుగైదు కారణాలు కలిసి ఉంటాయి. కానీ ధర కోసం పల్చదనాన్ని అంత తేలిగ్గా వదిలేశారంటే, కొనేవాళ్ల జాబితాలో దాని స్థానం ఎంత కిందనుందో కూడా ఆ అంకె చెబుతున్నట్టే.

పల్చన చేస్తే బ్యాటరీ ఎందుకు అంతగా దెబ్బతింటుందో చూద్దాం. ఫోనుని అడ్డంగా కోసినట్టు ఊహించుకుంటే అది పొరల మూట. పైన గాజు, దాని కింద తెర, తెరకి ఆధారంగా లోహపు పలక, చివర వెనక మూత. ఇవన్నీ కలిపి సుమారు మూడు మిల్లీమీటర్లు అనుకుందాం. ఫోను ఎంత పల్చబడినా ఈ పొరలు పెద్దగా తగ్గవు, తగ్గిస్తే గాజు పగులుతుంది. కాబట్టి ఎనిమిది మిల్లీమీటర్ల ఫోనులో బ్యాటరీకి దక్కేది అయిదు. ఆరు మిల్లీమీటర్ల ఫోనులో దక్కేది మూడే. బయట మందం పావు వంతు తగ్గితే లోపల బ్యాటరీ చోటు నూటికి నలభై వంతులు తగ్గిందన్నమాట. నదికి ఇటూ అటూ గట్ల మందం తగ్గకుండా నది ఇరుకైతే పారే చోటే తగ్గినట్టు ఉంటుంది ఇది. ఎడ్జ్‌లో ఇంజనీర్లు ఆ నష్టాన్ని అయిదో వంతు దగ్గర ఆపగలిగారు. టెలిఫొటో తీసేసిన చోటు కూడా అందుకు తోడ్పడి ఉండాలి. పైగా ఈ రకం బ్యాటరీ కాలం గడిచేకొద్దీ కొద్దిగా ఉబ్బుతుంది. అందుకోసం లోపల కాస్త ఖాళీ వదలాలి. మొత్తం మూడు మిల్లీమీటర్లే ఉన్నప్పుడు ఆ ఖాళీ కూడా బరువైన ఖర్చే.

గట్టిదనం సంగతి ఇంకా కచ్చితమైంది. ఇంటికప్పుకి దూలం వేసే వడ్రంగి దాన్ని వెడల్పు వైపు పడుకోబెట్టడు, నిలువుగా నిలబెడతాడు. కర్ర అదే, బరువు అదే, కానీ నిలబెడితే వంగదు. వంపుని ఎదిరించే శక్తి మందంతో పాటు సమానంగా పెరగదు, మందం ఘనంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. కొబ్బరి ఈనెని వేలితో వంచేస్తాం, మట్టని రెండు చేతులా వంచలేం. అదే సూత్రం ఫోనుకి పెడితే, 7.3 మిల్లీమీటర్ల నుంచి 5.8కి దిగిన ఫోను అదే లోహంతో, అదే నిర్మాణంతో ఉంటే గట్టిదనం సగానికి పడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికే ఈ ఫోన్లకి టైటానియం చట్రాలు, ఖరీదైన గాజు వాడారు. వంచి చూసిన పరీక్షల్లో అవి బాగానే తట్టుకున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. పెరిగిన ధరలో కొంత భాగం, పల్చదనం కలిగించిన బలహీనతని పల్చదనం చెడకుండా కప్పిపుచ్చడానికి పోయింది. ఇక కెమెరా దగ్గర భౌతికశాస్త్రం బేరమే ఆడనివ్వదు. పెద్ద సెన్సరుకి కటకం నుంచి ఆరేడు మిల్లీమీటర్ల దూరం కావాలి, అంత దూరం అయిదున్నర మిల్లీమీటర్ల ఒంట్లో ఇమడదు. అందుకే వెనకాల గట్టులాంటి ఎత్తు లేస్తుంది. ప్రకటనలో చెప్పే మందం ఆ గట్టుని లెక్కలోకి తీసుకోనిది. బల్ల మీద పెట్టినా జేబులో దూర్చినా తగిలేది ఆ గట్టే.

పల్చదనం మీద కోరిక ఒట్టి ప్రచారమే అని నేననడం లేదు. 2004లో మోటొరోలా రేజర్ వి3 13.9 మిల్లీమీటర్లతో వచ్చినప్పుడు అది ప్రపంచమంతా 13 కోట్లకి పైగా అమ్ముడుపోయింది. అప్పటి ఇటుకల్లాంటి ఫోన్ల పక్కన అది నిజమైన సుఖం. జేబు బరువెక్కడం, కూర్చుంటే తొడకి గుచ్చుకోవడం అప్పటి వాస్తవమైన ఇబ్బందులు. వాటిని తీర్చిన పల్చదనానికి జనం డబ్బిచ్చారు. కానీ ఏ ఇబ్బందైనా తీరే చోటు ఒకటుంటుంది. ఫోను ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లకి వచ్చేసరికి జేబూ గుప్పిటా రెండూ సర్దుకున్నాయి. ఆ తర్వాత తగ్గించే ప్రతి మిల్లీమీటరూ ఏ ఇబ్బందినీ తీర్చకుండా బ్యాటరీ నుంచి కోత పెడుతుంది. నా వాదనంతా ఇక్కడే ఉంది. జనం పల్చదనాన్ని ఒక మేరకి కోరారు, ఆ మేర ఎప్పుడో వచ్చేసింది.

దీనికి బలమైన రుజువు రసాయనశాస్త్రం ఇచ్చింది. లిథియం బ్యాటరీలో రుణధ్రువంగా చాలాకాలం గ్రాఫైట్ వాడారు. అందులో ఆరు కార్బన్ పరమాణువులకి ఒక్క లిథియం ఒదుగుతుంది. గ్రాముకి 372 ఎంఏహెచ్ దాని హద్దు. సిలికాన్‌లో నాలుగు పరమాణువులకి పదిహేను లిథియంలు పడతాయి, హద్దు గ్రాముకి దాదాపు 3,600. ఇంత తేడా ఉన్నా ఇన్నాళ్లూ వాడలేకపోవడానికి కారణం, లిథియం చేరినప్పుడు సిలికాన్ మూడు రెట్ల దాకా ఉబ్బి, ఖాళీ అయినప్పుడు కుంగి, నాలుగు రోజుల్లో పొడిపొడి అయిపోవడమే. సిలికాన్ రేణువుల్ని కార్బన్ గూటిలో పొదిగి, ఉబ్బడానికి లోపలే చోటిచ్చే పద్ధతి కుదిరాక 2023లో ఆనర్ కంపెనీ దాన్ని ఫోన్లలోకి తెచ్చింది. మిగతా చైనా కంపెనీలు అందుకున్నాయి. ఇప్పుడు అంతే చోటులో ఎక్కువ విద్యుత్తు నిలవ చేయగల మార్గం దొరికింది. ఆ లాభాన్ని రెండు రకాలుగా ఖర్చుపెట్టవచ్చు. బ్యాటరీ శక్తిని అలాగే ఉంచి ఫోనుని పల్చన చేయవచ్చు, లేదా ఫోను మందం అలాగే ఉంచి బ్యాటరీని పెంచవచ్చు. 2020లో మన దేశంలో అమ్మిన శామ్‌సంగ్ ఎం51లో 7,000 ఎంఏహెచ్ ఉండేది, మందం 9.5 మిల్లీమీటర్లు, బరువు 213 గ్రాములు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన వివో టీ4లో 7,300 ఎంఏహెచ్, మందం 7.89, బరువు 200 గ్రాముల లోపే, ధర ఇరవై రెండు వేల దగ్గర మొదలు. మందం ఎనిమిది దగ్గర ఆగింది. ఆ పైన వచ్చిన లాభమంతా బ్యాటరీలోకి పోయింది. 2017లో 4,100, 2025లో 7,300. ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గర నిలబడి మార్కెట్టు ఇన్నేళ్లుగా ఒకే దిక్కుకి నడుస్తోంది. కొనేవాళ్లు నోటితో ఏం చెప్పినా, ఈ అంకెలు చెబుతున్నది అదే.

కోనసీమలో ఈ అంకెలకి అర్థం ఇంకా లోతుగా ఉంటుంది. గౌతమికీ వసిష్ఠకీ సముద్రానికీ మధ్య ఉన్న ఈ ముక్కోణపు నేలలో ఫోను చేసే పని ఏమిటో చూద్దాం. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి ధర ఎంత పలికిందో తెలిసేది అందులోనే. దింపు కార్మికుల్నీ ఒలుపు కార్మికుల్నీ పిలిచేది అందులోనే. రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉన్నవాళ్లకి అదే టార్చిలైటు, అదే అలారం. నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే జనరేటరు వేయడానికి ఉండే వ్యవధి చాలా తక్కువ. ఆ సమయానికి గట్టు మీద ఉన్న ఫోను చచ్చిపోయి ఉంటే పోయేది ఒక పంట. ఈ-క్రాప్ పంటల నమోదు, ఓటీపీలు, 2025 జనవరి 30న రాష్ట్రం మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలు, టీకొట్టు దగ్గర డబ్బు చెల్లింపు, అన్నీ అందులోనే. ఇవన్నీ అయ్యాక మిగిలిన చార్జీ మీద ఆధారపడే మరో పని ఉంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపుల నుంచి ఇంటిపనికి గల్ఫ్ దేశాలకి వెళ్లిన ఆడవాళ్లు ఎంతోమంది. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి పదింటికి పని ముగించుకుని బిడ్డ ముఖం చూడాలని వీడియో కాల్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. వీడియో కాల్‌లో తెర, కెమెరా, ప్రాసెసరు, రేడియో ఒకేసారి పనిచేస్తాయి. బ్యాటరీని అంతగా తాగే పని ఫోనులో మరొకటి అరుదు. పొద్దున ఆరింటికి చార్జింగ్ తీసిన ఫోను పద్దెనిమిదిన్నర గంటల తర్వాత ఆ కాల్‌ని మోయగలగాలి. ఆ తల్లికీ బిడ్డకీ ఒకటిన్నర మిల్లీమీటరు ఏ లెక్కలోనూ రాదు.

ఇక్కడి నేల, గాలి కూడా బ్యాటరీకి వ్యతిరేకంగానే పనిచేస్తాయి. సెల్ టవరు దూరమైనా మధ్యలో అడ్డాలున్నా ఫోను తన గొంతు పెంచి అరవాల్సి వస్తుంది. 4జీ ఫోను రేడియో గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల దాకా ప్రసారం చేస్తుంది. అంత ప్రసారానికి బ్యాటరీ నుంచి లాగేది దానికి కొన్ని రెట్లు. దట్టమైన కొబ్బరితోట, అందులోనూ వానకి తడిసిన ఆకులు రేడియో తరంగాల్ని మింగేస్తాయి. 700 మెగాహెర్ట్‌జ్ తరంగం కాస్త దూరిపోతుంది గానీ, 5జీ వాడే 3,300 మెగాహెర్ట్‌జ్ తరంగానికి ఆకులే గోడ. టవరు కనపడే పట్నపు వీధిలో రోజంతా వచ్చే చార్జీ లంక గ్రామంలో సాయంత్రానికే అయిపోవడానికి ఇదొక కారణం. ఇక వేడి. ఫోను ఒంటి వేడిని చెయ్యి భరించాలంటే దాన్ని 43, 45 డిగ్రీలు దాటనివ్వకూడదు. ఫోను నుంచి వేడి బయటికి పోయే వేగం దాని ఒంటికీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాని బట్టి ఉంటుంది. గాలి 25 డిగ్రీలుంటే తేడా ఇరవై దాకా దొరుకుతుంది. మే నెలలో గాలి 38 డిగ్రీలుంటే తేడా ఆరేడు డిగ్రీలే, అంటే వేడిని వదిలే శక్తి మూడో వంతుకి పడిపోయినట్టు. ఆపిల్ తన ఫోన్లని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని చెబుతుంది. అమలాపురం ఎండాకాలం మధ్యాహ్నానికి ఆ హద్దు తెలియదు. పల్చటి ఫోనులో వేడిని కాసేపు ఆపుకునే ఒళ్లు తక్కువ, అది ముందే వేగం తగ్గించుకుంటుంది, తెర కాంతి తగ్గించేస్తుంది. వేడిలో బ్యాటరీ లోపలి అవాంఛిత చర్యలు కూడా వేగం పుంజుకుంటాయి. పది డిగ్రీలకి ఆ వేగం దాదాపు రెట్టింపవుతుందని రసాయనశాస్త్రంలో ఒక మోటు లెక్క.

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు లేని రోజులు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని తుడిచిపెట్టినప్పుడు ఇక్కడ సెల్‌ఫోన్లు లేవు, హెచ్చరిక అందక చనిపోయినవాళ్లు ఎందరో. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను రాజోలు దీవికి అవతలి ఒడ్డున, నరసాపురం దగ్గర తీరం దాటింది. చెట్లు కూలి, స్తంభాలు ఒరిగి చాలా ఊళ్లు చీకట్లో ఉన్నాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటప్పుడు ఫోను చేసే పనే వేరు. సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి మోగే హెచ్చరికని మన దేశం 2023లోనే పరీక్షించింది. మోగాలంటే ఫోను బతికి ఉండాలి. టవర్లు జనరేటర్ల మీద కాసేపు నడిచి, డీజిలు అయిపోయాక ఒక్కొక్కటే ఆగిపోతుంటే, ఫోను సిగ్నల్ కోసం వెతుక్కుంటూ మామూలుకన్నా త్వరగా ఖాళీ అవుతుంది. అవసరం ఎక్కువైన రోజునే బ్యాటరీ తక్కువ కాలం వస్తుందన్నమాట. ఆ రోజుకి 7,300 ఎంఏహెచ్‌కీ 3,900 ఎంఏహెచ్‌కీ మధ్య ఉన్న తేడా, పడవ ఎప్పుడొస్తుందో అడగగలగడానికీ అడగలేకపోవడానికీ మధ్య తేడా అవుతుంది. ఐఫోన్ ఎయిర్‌లో సిమ్ కార్డు పెట్టే చోటే లేదు, ఈ-సిమ్ ఒక్కటే. వరదల్లో ఫోను తడిసి పోతే సిమ్ తీసి పక్కింటివాళ్ల ఫోనులో వేసుకుని మాట్లాడే దారి కూడా దానితో పోతుంది.

పవర్‌బ్యాంకు ఉందిగా అనేది మొదటి అభ్యంతరం. ఉంది. కానీ జేబులో తగ్గించిన మందాన్ని రెండో జేబులో మోస్తే దాన్ని తగ్గించడం అనలేం. ఐఫోన్ ఎయిర్‌తో పాటే దాని వీపుకి అంటుకునే విడి బ్యాటరీని ఆపిల్ తెచ్చి అమ్ముతోంది. ఆ ఫోనుకి ఏం తక్కువైందో చేసినవాళ్లకే తెలుసని అంతకన్నా స్పష్టమైన ఒప్పుకోలు ఉండదు. అరగంటలో నిండే చార్జర్లున్నాయనే మాటకి, ఆ అరగంట కరెంటు ఉండాలి కదా అన్నదే జవాబు. పైగా వేగంగా ఎక్కించే కొద్దీ బ్యాటరీ వేడెక్కుతుంది.

రెండో అభ్యంతరం మరింత గౌరవించదగ్గది. పెద్దవయసువాళ్లకి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకి, చిన్న చేతులున్నవాళ్లకి రెండు వందల గ్రాముల ఫోను నిజంగా బరువే. పల్చటి ఫోను చేతికి ఇచ్చే హాయి అబద్ధం కాదు. కానీ ఆ హాయిలో ఎక్కువ భాగం తేలికదనం నుంచి వస్తోంది, పల్చదనం నుంచి కాదు. తేలికదనానికి వేరే దారులున్నాయి. తెర ఒక అరంగుళం తగ్గితే గాజు, బరువు రెండూ తగ్గుతాయి, చిటికెనవేలి మీద పడే భారం తగ్గుతుంది. చిన్న ఫోన్లు కూడా అంతగా అమ్ముడుపోలేదని, ఐఫోన్ మినీలు రెండు తరాలకే ఆగిపోయాయని నాకు ఎదురు చెప్పవచ్చు, అది నిజమే. పెద్ద తెరని జనం వదులుకోవడం లేదు. అయితే అప్పుడు తేలేది, బ్యాటరీ, తెర తర్వాతే తేలికదనమూ పల్చదనమూ అని.

మూడో అభ్యంతరం నా వాదనకి నేరుగా ఎదురొచ్చేది. 2025 జులైలో వచ్చిన శామ్‌సంగ్ జెడ్ ఫోల్డ్7 మడిచినప్పుడు 8.9 మిల్లీమీటర్లు. అంతకుముందరి ఫోల్డ్6 12.1. ఆ ఏడాది తన మడత ఫోన్లు మూడిటికీ కలిపి భారతదేశంలో 48 గంటల్లో 2,10,000 ముందస్తు ఆర్డర్లు వచ్చాయని కంపెనీ ప్రకటించింది. పల్చదనానికి జనం ఇంత ఉత్సాహంగా డబ్బిచ్చారు కదా? ఇచ్చారు. కానీ రెండు విషయాలు గమనించాలి. పన్నెండు మిల్లీమీటర్లంటే ఇబ్బంది ఇంకా తీరని మందం, రేజర్ నాటి సమస్య మళ్లీ వచ్చినట్టే. రెండోది, ఫోల్డ్6లో 4,400 ఎంఏహెచ్, ఫోల్డ్7లోనూ 4,400 ఎంఏహెచ్. బ్యాటరీలోంచి కోయకుండా పల్చదనం ఇస్తే జనం తీసుకున్నారు. అదే వరసలో టెక్నో పోవా స్లిమ్ అని 5.95 మిల్లీమీటర్ల ఫోను 5,160 ఎంఏహెచ్ బ్యాటరీతో 2025 సెప్టెంబరులో 19,999 రూపాయలకే మన దేశంలోకి వచ్చింది. రోజులో మూడు గంటలు వాడి, పక్కనే ప్లగ్గున్న ఆఫీసులో కూర్చునే వ్యక్తికి అది చక్కటి ఫోనే. వద్దనడానికి నాకు ఏ కారణమూ కనపడదు. నేననేది ఒకటే. రసాయనశాస్త్రం ఎంత ముందుకి పోయినా, అదే రసాయనంతో ఎనిమిది మిల్లీమీటర్లలో ఎప్పుడూ ఇంకా ఎక్కువ పడుతుంది. బేరం మాయం కాలేదు, దాని మెట్టు మారిందంతే. ఆ మెట్టు మీద ఎవరికి ఏది కావాలో షాపులో చేతిలోకి తీసుకున్న ఒక్క నిమిషం చెప్పలేదు. పల్చదనం ఆ నిమిషంలోనే తెలుస్తుంది, బ్యాటరీ నెల తర్వాత తెలుస్తుంది. కొన్నరోజే కవరు, టెంపర్డ్ గ్లాసు వేయించుకుంటాం. అవి రెండూ కలిపి రెండు మిల్లీమీటర్లు వేసుకుంటే, కవరు తొడిగిన ఎడ్జ్, కవరు లేని ప్లస్ కన్నా మందమవుతుంది.

చివరికి ఒక లెక్క మిగిలింది, అది మన ఇళ్లకి సంబంధించింది. రోజుకి నాలుగు వేల ఎంఏహెచ్ ఖర్చయ్యే మనిషికి నాలుగు వేల బ్యాటరీ ఏడాదికి 365 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అవుతుంది. 7,300 బ్యాటరీ రెండు వందల సార్లే అవుతుంది. ఎనిమిది వందల సార్ల తర్వాత శక్తి అయిదో వంతు తగ్గుతుందనుకుంటే, మొదటిది రెండేళ్ల రెండు నెలలకి ఆ స్థితికి వస్తుంది, రెండోది నాలుగేళ్లకి. ఇక్కడ ఫోను ఒక్కరి దగ్గర ఆగదు. కొడుకు రెండేళ్లు వాడి నాన్నకిస్తాడు, నాన్న దగ్గర నుంచి అది నాయనమ్మకి పోతుంది. పల్చటి ఫోను హాయిని మొదటి చెయ్యి అనుభవిస్తుంది, అరిగిపోయిన చిన్న బ్యాటరీని మూడో చెయ్యి భరిస్తుంది. ఆ మూడో చేతివాళ్లని ఏ సర్వేలోనూ ఎవరూ అడగరు. ఎస్25 వరుసకి ఏడేళ్ల సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. ఏడేళ్లకి సరిపడా మాట బ్యాటరీ మీద కూడా ఉంటేనే ఆ హామీ మూడో చేతి దాకా చేరుతుంది.

ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి ప్రతి కొత్త ఫోనుకీ ఒక పట్టీ అంటించడం తప్పనిసరి చేశారు. ఒక చార్జింగ్‌తో ఎన్ని గంటలు వస్తుంది, ఎన్నిసార్లు చార్జింగ్ పెట్టాక శక్తి 80 శాతానికి పడుతుంది, కింద పడితే ఎంత తట్టుకుంటుంది, బాగుచేయడం ఎంత తేలిక, ఇవన్నీ అందులో ఉంటాయి. ఎనిమిది వందల సార్ల తర్వాత కూడా 80 శాతం మిగలాలని అక్కడి నియమం. మందం ఎంతో ఆ పట్టీలో రాయరు. మన దేశంలోనూ బాగుచేసుకునే వీలుని అంకెల్లో చూపించే సూచిక మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసింది. అది 2025 మేలో నివేదిక కూడా ఇచ్చింది. అలాంటి పట్టీ అమలాపురం గడియార స్తంభం దగ్గరి షాపులోనూ, రావులపాలెంలోనూ, కొత్తపేటలోనూ డబ్బా మీద కనపడే రోజు రావాలి. వచ్చినప్పుడు అందులోని గంటల లెక్క పాతిక డిగ్రీల ప్రయోగశాలలో తీసింది కాకుండా, 38 డిగ్రీల ఎండలో, సిగ్నల్ ఒకే గీత ఉన్నచోట తీసిందై ఉండాలి.